మీకు తెలుసా? దివిసీమ చేపలు, రొయ్యలు మడ అడవిలో పెరుగుతాయి

విజయవాడ దాటిన కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న లంకే దివిసీమ. ఇంకా దిగువన ఎదురుమొండి లాంటి చిన్న దీవులున్నాయి. అక్కడి గిరిజనులైన యానాదులకు అన్నంలోకి పీత, రొయ్య, చేప దొరికేది మడ అడవుల మధ్య ఉప్పుకాలవల్లోనే.

1977 నవంబరు 19 ఉప్పెన ఈ సీమలో వేల ప్రాణాలు తీసింది.

ఉప్పెన ఉధృతిని తగ్గించేది మడే. పాడైన ఆ మడను బతికించే పని 1990ల్లో ఊపందుకుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ తోడు రాగా తీరగ్రామాల జనం చేయి కలిపారు. చెట్లు నరికిన చోట నేల కుంగి, పోటునీరు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుపోతుంది. అక్కడ విత్తు మొలవదు. అందుకే చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వారు: నడుమ పెద్దది, ఇరుపక్కలా ఏటవాలుగా పిల్లకాలవలు. పోటుకు వచ్చిన నీరు ఆటుకు వెళ్తూ ఉప్పును కడిగేస్తుంది. ఎంత తెలివైన పని! ఆ కాలవగట్ల వెంట మడ మొక్కలు నాటారు.

చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగేది ఈ మడచెట్ల వేళ్ల మధ్యే. మడ నరికి చెరువులు తవ్వడం ఈ లంకల్లో ఇకనైనా ఆగాలి.