గళ్ళనుడికట్టులో మూడు మాటలు – కోళ్ల కొట్టములో మూడు పనులు

సాయంకాలము గ్రంథాలయములో యువ రైతులు గళ్ళనుడికట్టు పూరించుచుండుట మీరు చూచియే యుందురు. మాట తెలిసినచో గడి నిండును. ఆ మాట వెనుకనున్న పని తెలిసినచో కొట్టము నిలుచును. ఇటీవల ఒక యువకుడు "ఊక" అను జవాబును చప్పున చెప్పెను. కాని అతని కొట్టములోని ఊక తడిసి, రక్తపారుడు తగిలి, కోడిపిల్లలు చాలవరకు చనిపోయినవి. కావున ఎక్కువ కోళ్లను ఒకే కొట్టములో పెంచు సాంద్ర పద్ధతికి అవసరమగు మూడు మాటలను ఇక్కడ వివరించుచున్నాము.

1. ఆవుకు ఉండునది, పెట్టకు పని (3 అక్షరములు): పొదుగు.

నాటు పెట్ట గ్రుడ్లను 21 రోజులు పొదిగి, పిల్లలను రెక్కల క్రింద వెచ్చగా ఉంచును. గ్రుడ్లకై పెంచు తెల్ల లెగ్‌హారన్ వంటి జాతులలో ఈ గుణము మిక్కిలి తక్కువ. అందుచే గ్రుడ్లను ఇంక్యుబేటరు పొదుగును. తల్లి రెక్కల పనిని బ్రూడరు చేయును. మొదటి వారము బ్రూడరు క్రింద 95 డిగ్రీల ఫారెన్‌హీటు వేడి ఉండవలెను. తరువాత వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గించవలెను. కొలుచు సాధనము లేనిచో పిల్లలనే చూడుడు. బల్బు క్రింద గుమిగూడినచో వాటికి చలి. దూరముగా పోయి నోరు తెరచినచో వేడి హెచ్చు. అంతటా తిరుగుచున్నచో సరిపోయినట్లు.

2. బియ్యపు మరలో మిగులును, కోళ్లకు పరుపగును (2 అక్షరములు): ఊక.

నేలపై 4 నుండి 6 అంగుళముల మందమున పరచి, తరచు తిరగవేయవలెను. గుప్పెడు ఊక తీసి పిడికిలి బిగించి వదలుడు. ముద్దగా నిలిచినచో తడి ఎక్కువ. అట్టి ఊకలో రక్తపారుడు కలిగించు సూక్ష్మజీవులు పెరుగును. ఘాటు వాసన కండ్లను మండించును. తడిసినచోట తీసివేసి పొడి ఊక వేయవలెను. నీటి తొట్లు కారకుండ చూడవలెను. పాత ఊక పొలమునకు మంచి ఎరువు.

3. మెడ తిప్పించును, మందను కూల్చును (3 అక్షరములు): కొక్కెర.

దీనినే రాణీఖేత్ తెగులందురు. ఆకుపచ్చని పారుడు, ఎగశ్వాస, మెడ మెలితిరుగుట దీని లక్షణములు. వచ్చిన పిదప దీనికి మందు లేదు. 5 నుండి 7 రోజుల వయసున లసోటా టీకాను కంటిలోగాని, ముక్కులోగాని ఒక చుక్క వేయించవలెను. టీకాను మంచుగడ్డలలో ఉంచి తేవలెను. ఎండ తగిలినచో పని చేయదు. ఆరోగ్యముగా నున్న పిల్లలకే వేయవలెను. తరువాతి టీకాల తేదీలను దగ్గరి పశువైద్యశాలలో అడిగి వ్రాసికొనుడు.

గడిలో తప్పు పడినచో చెరిపి వ్రాయవచ్చును. కొట్టములో ఆ వీలు లేదు. కావున ఈ రాత్రియే ఒక గుప్పెడు ఊక తీసి చూడుడు.