పిలిస్తేనే పలికిన ఇంటర్నెట్



మీలో నలభై దాటినవారికి ఒక చప్పుడు జ్ఞాపకం ఉండి ఉంటుంది. ముందు టెలిఫోను డయలు టోను, తరువాత అంకెలు నొక్కిన సవ్వడి, ఆ పైన కీచుమని, బుస్సుమని, గదిలో రెండు పిల్లులు పోట్లాడుకుంటున్నట్లు ఒక అర నిమిషం గోల. గోల ఆగితే ఇంటర్నెట్ వచ్చినట్లు. మధ్యలో తెగిపోతే మళ్ళీ మొదటి నుంచి. ఇప్పటి పిల్లలకు ఆ చప్పుడు వినిపిస్తే ఏదో యంత్రం చెడిపోయిందనుకుంటారు. మన తరం వాళ్ళేమో, ఆ రోజులే బాగుండేవి అంటారు. నిజంగా బాగుండేవా, లేక అప్పుడు మన వయసు బాగుండేదా? ఈ సంగతి కాస్త నిదానంగా చూద్దాం.

ముందు ఆ గోల ఏమిటో చెప్పుకుందాం. టెలిఫోను తీగ మనిషి గొంతు మోయడానికి వేసినది. కంప్యూటరుకు తెలిసినవి ఒకట్లు, సున్నాలు మాత్రమే. వాటిని చప్పుడుగా మార్చి తీగ మీద పంపి, అవతల మళ్ళీ ఒకట్లుగా సున్నాలుగా విడదీసే పెట్టె పేరు మోడెం. రెండు మోడెంలు తీగ మీద కలుసుకోగానే, ఈ తీగ ఎంత శుభ్రంగా ఉంది, ఎంత వేగం తట్టుకుంటుంది అని పరీక్షించుకుంటాయి. మనకు వినిపించే గోల ఆ బేరసారాలే. ఒప్పందం కుదిరాక స్పీకరు ఆగిపోతుంది, పని మొదలవుతుంది.

మన దేశంలో సామాన్యులకు ఈ సదుపాయం 1995 ఆగస్టు 15న వచ్చింది. ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగం బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో దీన్ని మొదలుపెట్టింది. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. పంతులు బుద్ధి కదా, ఒక లెక్క చేసి చూపిస్తాను. 50 కిలోబైట్ల చిన్న ఫోటో అంటే 400 కిలోబిట్లు. దాన్ని 9.6తో భాగిస్తే దాదాపు 42 సెకన్లు. ఒక్క ఫోటోకు! 5 మెగాబైట్ల పాట అయితే గంటా పది నిమిషాలు. తరువాత వచ్చిన 56 కిలోబిట్ల మోడెంతో ఆ పాట లెక్క ప్రకారం 12 నిమిషాల్లో రావాలి. లెక్క ప్రకారం ఏ పాటా రాలేదనుకోండి.

ఈ నిదానానికి తోడు ఖర్చు. ఇంటర్నెట్ గంటలకు ఒక లెక్క, టెలిఫోను మీటరుకు మరో లెక్క. చిన్న ఊళ్ళవాళ్ళు మొదట్లో పెద్ద పట్టణానికి ఎస్.టి.డి. చేస్తే తప్ప దారి లేదు. అందుకని మా హోసూరు లాంటి చోట్ల ఇంటర్నెట్ అంటే ఇల్లు కాదు, బస్టాండు దగ్గరి సైబర్ కేఫే. ప్లైవుడ్ పలకలతో అడ్డం కట్టిన గళ్ళు, గోడ మీద గడియారం, నోటు పుస్తకంలో పేరు, సమయం. మేము వెళ్ళేటప్పటికి గంటకు 60 రూపాయలు, కొన్నాళ్ళకు పాతిక. డబ్బు అలా కరిగిపోతూ ఉంటే ఊరికే కూర్చునేవాళ్ళెవరు? ఏమేం వెతకాలో ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళేవాళ్ళం. పరీక్ష ఫలితాలు, ఒక విశ్వవిద్యాలయం చిరునామా, అమెరికాలో ఉన్న బంధువుకు ఉత్తరం. పని అయ్యాక లేచి ఇంటికి వచ్చేసేవాళ్ళం. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. లేచి ఇంటికి వచ్చేసేవాళ్ళం.

ఉత్తరాల సంగతి వచ్చింది కనుక హాట్‌మెయిల్ గురించి ఒక మాట. బెంగళూరులో పెరిగిన సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనే మిత్రుడితో కలిసి 1996 జూలై 4న దాన్ని ప్రారంభించారు. ఉచితంగా ఇచ్చిన ఆ తపాలా పెట్టె పరిమాణం 2 మెగాబైట్లు. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫోటో అందులో పట్టకపోవచ్చు. పెట్టె నిండితే కొత్త ఉత్తరం రాదు. అందుకని ఏ ఉత్తరం ఉంచుకోవాలి, ఏది తీసెయ్యాలి అని ప్రతి నెలా తేల్చుకోవలసి వచ్చేది. మనకు దగ్గరివాళ్ళెవరో ఆ రెండు మెగాబైట్లే తేల్చి చెప్పేవి.

ఆ రోజుల్లోనే జియోసిటీస్ అనే చోట ఎవరైనా ఉచితంగా సొంత పేజీ కట్టుకునే వీలుండేది. దాని ఏర్పాటు ముచ్చటగా ఉండేది. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పేట. కంప్యూటర్లంటే సిలికాన్ వ్యాలీ పేట, సినిమాలంటే హాలీవుడ్ పేట, చదువు సంధ్యలకు ఏథెన్స్ పేట. ప్రతి పేజీకి ఒక ఇంటి నెంబరు. ఎంతమంది వచ్చారో చెప్పే అంకెల పట్టీ ఒకటి, సంతకం పెట్టి వెళ్ళడానికి అతిథుల పుస్తకం ఒకటి. రంగులు కళ్ళు చెదిరేలా ఉండేవి, ముగ్గు రాని పిల్ల వేసిన ముగ్గులాగా. కానీ అది వాళ్ళు వేసిన ముగ్గే. 1999లో యాహూ దాన్ని కొన్నది, 2009 అక్టోబరులో మూసేసింది. కొందరు ఔత్సాహికులు చివరి నెలల్లో పరుగెత్తి ఎత్తిపెట్టుకున్నవి తప్ప, లక్షల పేజీలు ఒక్కసారిగా పోయాయి.

మరి మార్పు ఎక్కడ వచ్చింది? ఆర్కుట్, ఫేస్‌బుక్ రెండూ 2004లోనే పుట్టాయి. కానీ నన్నడిగితే అసలు మలుపు 2006 సెప్టెంబరు. ఆ నెలలో ఫేస్‌బుక్ ‘న్యూస్ ఫీడ్’ అనే ఏర్పాటు తెచ్చింది. అంతకు ముందు మిత్రుడి సంగతి తెలియాలంటే అతని పేజీకి మీరు వెళ్ళాలి. ఆ తరువాత అందరి సంగతులూ వాటంతట అవే మీ ముందుకు వచ్చి వరుసగా నిలబడతాయి. మొదట్లో వాడుకరులే దీన్ని గట్టిగా వ్యతిరేకించారు, తరువాత అలవాటుపడ్డారు. చీటీ రాసుకుని వెళ్ళే పద్ధతికి అక్కడితో కాలం చెల్లింది. వచ్చేవాటికి అంతు ఉండదు కనుక లేచి ఇంటికి వచ్చే ఘడియ కూడా ఉండదు. ఇందులో వ్యాపారం ఉంది. సైబర్ కేఫ్‌లో మన సమయానికి మనం డబ్బు కట్టాం. ఇప్పుడు మన సమయానికి ప్రకటనలవాళ్ళు కడుతున్నారు. డబ్బు ఎవరు కడితే గడియారం వాళ్ళ చేతిలో ఉంటుంది కదా.

ఇక మన తెలుగు సంగతి. నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఇక్కడే.

1990లలో కంప్యూటరుకు తెలుగు అక్షరాలు రావు. అయినా అమెరికాలో చదువుకుంటున్న మన విద్యార్థులు తెలుగులో రాసుకోవాలనుకున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కొందరు తెలుగువారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి రూపొందించారు. దానికి ఆ విశ్వవిద్యాలయం పేరే వచ్చింది. ఆర్.టి.ఎస్. అంటారు. చిన్న బడి ‘టీ’ వేస్తే ‘త’, పెద్ద బడి ‘టీ’ వేస్తే ‘ట’. చిన్న ‘ఎన్’ అయితే ‘న’, పెద్దది అయితే ‘ణ’. ‘ల’, ‘ళ’లకూ అంతే. తెలుగువాళ్ళు కూడే చర్చా వేదికల్లో ఈ పద్ధతిలో పద్యాలు రాశారు, కథలు రాశారు, ఆవకాయ కొలతలు రాశారు, పోట్లాడుకున్నారు.

రాష్ట్రం బయట ఉన్న మనకు ఇందులో ఒక విశేషం ఉంది. హోసూరులో గానీ, బళ్ళారిలో గానీ, బరంపురంలో గానీ, ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరో లిపి నేర్చినవాళ్ళు ఎందరో. నా సహాధ్యాయి ఒకరు తమిళ మాధ్యమంలో చదివారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవడం రాదు. తమిళ లిపిలో తెలుగు రాసుకుందామంటే ‘గాలి’కీ ‘కాలి’కీ ఒకటే అక్షరం. ‘దారి’, ‘తారి’ తేడా తెలియదు. అలాంటి మనిషి ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు కథను సైబర్ కేఫ్‌లో పెదవులు కదుపుతూ చదివి, ‘ఇది మా అమ్మమ్మ మాట’ అన్నారు. సొంత భాషలో ఆయన చదివిన మొదటి కథ అదే. ఆ పద్ధతిని తెలుగుకు అవమానమని కోప్పడ్డవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించలేను.

అదే సమయంలో అందమైన తెలుగు ఫాంట్లు కూడా వచ్చాయి. దినపత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క ఫాంటు పెట్టుకున్నాయి. అందులో ఒక చిక్కు ఉంది. పాత అచ్చు యంత్రశాలలో కంపోజిటరు ముందు అక్షరాల గళ్ళపెట్టె ఉండేది. రాత్రికి రాత్రి ఎవరో గళ్ళలోని ఇంగ్లీషు అక్షరాలు తీసి తెలుగువి పోశారనుకోండి. చెయ్యి అదే గడిలోకి వెళ్తుంది, కాగితం మీద మాత్రం తెలుగు పడుతుంది. ఆ ఫాంట్ల కిటుకు ఇదే. కంప్యూటరు దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలు, తెర మీద గీసినది తెలుగు బొమ్మలు. ఫాంటు ఉన్నంతవరకు బాగానే ఉంటుంది. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులు, చుక్కలు, కొంకులు. పైగా ఒక ఫాంటు గడుల వరుస మరో ఫాంటులో ఉండదు.

దీనికి మందు యూనికోడ్. అందులో ప్రతి అక్షరానికి తనదైన సంఖ్య ఉంటుంది. ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093, ఏ దేశంలోనైనా. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. కానీ మామూలు ఇళ్ళ కంప్యూటర్లలోకి అది 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. మధ్యలో పదేళ్ళ తెలుగు రాత ఏ గడిలో ఉంటే ఆ గడిలో చిక్కుకుపోయింది.

విచిత్రం చూడండి. చూడడానికి అందంగా ఉన్న ఫాంట్ల రాతల్లో చాలా భాగం నేడు చదవరాకుండా ఉన్నాయి. చూడడానికి మొరటుగా ఉన్న ఆ ఇంగ్లీషు అక్షరాల తెలుగు మాత్రం దొరికినచోట దొరికినట్లే చదవవచ్చు, యంత్రంతో క్షణంలో తెలుగు లిపిలోకి మార్చవచ్చు. 1998లో అమెరికా తెలుగువారు మొదలుపెట్టిన ‘ఈమాట’ పత్రిక తొలి సంచికలు నేడు తెలుగు లిపిలో చదవగలుగుతున్నామంటే, ఎవరో కూర్చుని యూనికోడ్‌లోకి మార్చినందువల్లే.

అన్నీ బాగుండేవని నేను చెప్పను. ఆ సైబర్ కేఫ్‌ల్లో ఆడపిల్లలు చాలా తక్కువ. ఇంగ్లీషు రాకపోతే గుమ్మం కూడా దాటలేరు. 60 రూపాయలు అప్పట్లో కూలి మనిషికి ఒక రోజు సంపాదన. ఈ రోజు మా బడిలో వంట చేసే అమ్మ గల్ఫ్‌లో ఉన్న కొడుకును చూస్తూ మాట్లాడుతుంది, ఒక్క అక్షరం టైపు చేయనక్కరలేకుండా. ఆ సుఖాన్ని వెనక్కి ఇచ్చెయ్యమని ఎవరినీ అడగలేం.

కానీ పోతున్నవాటిని పట్టుకోవచ్చు. మీ ఇంట్లోనో, మీ ఊరి తెలుగు సంఘంలోనో 1990ల నాటి ఫ్లాపీలు, సీడీలు ఉన్నాయేమో వెతకండి. సంఘం సావనీరు, తాతగారి ఆత్మకథ, వంశవృక్షం, డీటీపీలో కొట్టించినవి ఏవైనా. ఫ్లాపీ మీది అయస్కాంతపు పూత ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతుంది, కనుక ముందు ఫ్లాపీలు. ఫైలుతోపాటు ఏ ఫాంటులో కొట్టారో ఆ ఫాంటు పేరు రాసి పెట్టండి, ఫాంటు ఫైలు దొరికితే అదీ దాచండి. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చే ఉచిత సాధనాలు ఉన్నాయి. పిల్లలకు పని అప్పజెప్పండి, చేసిపెడతారు. మార్చాక ఒక ప్రతి కాగితం మీద కూడా అచ్చు తీయించండి. ఇంటర్నెట్‌లో మీరు ఎరిగిన పాత పేజీ ఏదైనా ఉంటే, దాని చిరునామా గుర్తున్నట్లయితే, 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయంలో ఆ చిరునామా కొట్టి చూడండి. అన్నీ దొరకవు. దొరికినదాన్ని ఆ రోజే మీ దగ్గర దించుకోండి.