జేబులోని అప్రస్తుత ప్రసంగి

ఏకాగ్రతను పదిమంది కూర్చుని చూసే వినోదంగా మలచుకున్న జాతి మనది. అష్టావధాన వేదిక మీద అవధాని ఒక్కడు; అతని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు పొంతన లేని నాలుగు పదాలు ఇచ్చి వాటితో పద్యం అల్లమంటారు. మరొకరు అడుగడుగునా ఒక్కొక్క అక్షరాన్ని నిషేధిస్తూ పోతారు. మధ్య మధ్య గంట మోగుతూ ఉంటుంది. అది మొత్తం ఎన్నిసార్లు మోగిందో అవధాని చివర చెప్పాలి. వీరందరిలోనూ చిలిపివాడు అప్రస్తుత ప్రసంగి. పద్యపాదం అవధాని నాలుక చివరకు వచ్చిన క్షణం కనిపెట్టి, వంకాయల ధర గురించో అత్తవారింటి సంక్రాంతి గురించో అడగడం అతని పని. అవధాని చమత్కారంగా ఒక మాట విసిరి, విడిచిన చోటనే పాదాన్ని అందుకుంటాడు. పందొమ్మిదవ శతాబ్ది చివర తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యకు తెచ్చిన ప్రాచుర్యం తెలుగువారికి చెప్పనవసరం లేదు.

ఇప్పుడు ఆ అప్రస్తుత ప్రసంగి మన జేబులోకి వచ్చి కూర్చున్నాడు. గంట కూడా తానే మోగిస్తాడు.

నేను ఢిల్లీలోని వసంత్ కుంజ్‌లో ఉంటూ అనువాదాలు చేసుకుంటున్నాను. ఆంగ్ల వాక్యంలో క్రియ మొదట్లోనే వచ్చేస్తుంది. తెలుగులో దానిని చివరి దాకా మోయవలసిందే. నాలుగు ఉపవాక్యాలు గల పొడుగాటి వాక్యాన్ని తలలో నిలుపుకుని, తోకను తలగా మార్చే వేళ ఫోను ఒక్కసారి 'టింగ్' మన్నదంటే ఆ కట్టడమంతా కూలిపోతుంది. మళ్ళీ మొదటి ఇటుక నుండి ఎత్తుకోవాలి. వడ్రంగికీ, లెక్కలు వేసే గుమాస్తాకూ, పాఠం వల్లించే పిల్లవాడికీ ఇదే అనుభవమని వేరే చెప్పాలా?

మా పేటకు శబ్దం కొత్త కాదు. విమానాశ్రయానికి దగ్గర కావడం చేత దిగే విమానాలు మా మేడల మీదుగా పోతుంటాయి. 2008లో మూడవ రన్‌వే తెరిచాక ఆ మోత భరించలేనంతగా పెరిగిందని ఇక్కడివారు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆకాశంలోని శబ్దం మీద ఫిర్యాదు చేయడానికి ఒక న్యాయపీఠం ఉన్నది. అరచేతిలోని శబ్దాన్ని మనమే కోరి, డబ్బిచ్చి తెచ్చుకున్నాము కనుక దాని మీద ఎవరికి మొరపెట్టుకోగలం?

జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఒకవైపు మేము ఉంటే, మరొకవైపు బేర్ సరాయ్, కట్వారియా సరాయ్ ఉన్నాయి. ఇరుకు సందులు, ఇరుకు గదులు. సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే పిల్లలు దేశం నలుమూలల నుండి వచ్చి అక్కడ తలదాచుకుంటారు. వారిలో మన తెలుగు పిల్లలూ ఉంటారు. ఆ సందులలో 'లైబ్రరీ' అన్న బోర్డు కనిపిస్తే అక్కడ పుస్తకాలు ఉంటాయని భ్రమపడకూడదు. అక్కడ అద్దెకిచ్చేది ఒక కుర్చీ, మూడు వైపులా చెక్క అడ్డు, ఒక దీపం, కొంత నిశ్శబ్దం. పొలం మీద అప్పు తెచ్చి తండ్రి పంపిన డబ్బులో కొంత భాగం ప్రతి నెలా ఆ నిశ్శబ్దానికి పోతుంది. 2024 జూలైలో పాత రాజేంద్రనగర్‌లో ఇటువంటి నేలమాళిగ లైబ్రరీలోకి వాననీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ప్రశాంతంగా చదువుకొనే చోటు కోసం మన పిల్లలు ఎటువంటి చోట్ల కూర్చుంటున్నారో దేశానికి ఆనాడు తెలిసింది.

ఇంత చెల్లించి కొనుక్కున్న కుర్చీలోకి ఫోను ఉచితంగా ప్రవేశిస్తుంది. పోనీ, దానిని బయట పారవేద్దామా అంటే పాఠం దానిలోనే ఉన్నది. వార్తాపత్రిక, పాత ప్రశ్నపత్రం, ఇంటి నుండి వచ్చే పిలుపు, అన్నీ దానిలోనే. మద్యం మానదలచినవాడు కల్లుపాక వైపు పోకుండా ఉండవచ్చు. ఈ విద్యార్థికి బడీ కల్లుపాకా ఒకే గుమ్మంలో ఉన్నాయి. సాధారణ వర్గం అభ్యర్థికి 32 ఏళ్ళ వయస్సు లోపల ఆరు అవకాశాలే. ఏడాదికి ఒక్కసారి వచ్చే పరీక్ష. రోజుకు రెండు గంటలు తెర మీద వేలు జార్చుతూ గడిచిపోతే ఏడాదికి ఏడువందల ముప్ఫై గంటలు. పదేసి గంటలు చదివే దినాలుగా లెక్కిస్తే రెండు మాసాల పైచిలుకు.

"మనోనిగ్రహం లేదు, అంతే" అని పెద్దలు తేల్చివేస్తారు. ఈ తీర్పు నాకు సమంజసంగా తోచదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శిశువిహారంలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వవేత్త జరిపిన మిఠాయి పరీక్ష జగత్ప్రసిద్ధం: ఇప్పుడే తింటే ఒకటి, కాసేపు ఆగితే రెండు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక రాణించారన్న కథను అందరూ చెప్పుకుంటారు. 2018లో తొమ్మిదివందల మందికి పైగా పిల్లల వివరాలను తిరిగి పరిశీలించినప్పుడు, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు పలచబడింది. కాని ఎవరూ అంతగా చెప్పుకోని సంగతి ఒకటి 1970ల నాటి ఆ ప్రయోగాలలోనే ఉన్నది. మిఠాయిని కంటికి కనబడకుండా మూసి ఉంచితే పిల్లలు చాలాసేపు ఆగగలిగారు. ఎదురుగా పెట్టి ఆగమంటే త్వరగా ఓడిపోయారు.

2012లో జర్మనీలో 205 మంది పెద్దవారికి చేతి యంత్రాలిచ్చి, వారం పాటు రోజుకు పలుమార్లు ఇప్పుడు మనసు దేనిని కోరుతున్నదని అడుగుతూ పోయారు. (అప్రస్తుత ప్రసంగాన్ని గురించి తెలుసుకొనడానికి కూడా మధ్యలో గంట మోగించవలసి వచ్చింది!) నిగ్రహవంతులని పేరుబడ్డవారు కోరికలతో హోరాహోరీ పోరాడుతూ ఉంటారని మనం ఊహిస్తాము. వారు ఇతరుల కంటె తక్కువగా పోరాడుతున్నారని తేలింది. పోరాడవలసిన పరిస్థితి రాకుండా ముందే సర్దుకుంటున్నారన్న మాట. 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫోనును కొందరి బల్ల మీద, కొందరి సంచిలో, కొందరిది పక్క గదిలో పెట్టించి పరీక్షించారు. ఫోను మోగకపోయినా, పక్క గదిలో పెట్టినవారే మెరుగుగా రాణించారు. తరువాతి పరిశోధనలన్నింటిలో ఈ భేదం ఇంత స్పష్టంగా కనిపించలేదు కాని, పక్క గదిలో పెట్టి చూడడానికి మనకు ఖర్చేమీ లేదు గదా.

అవతలి పక్షం బలాన్నీ తూచాలి. పూర్వం పత్రికకు ఆఖరి పుట ఉండేది. రేడియో రాత్రికి కట్టేసేవారు. తెర మీద పుట ఎన్నటికీ ముగియకుండా సాగే పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికన్ రూపొందించాడు. దాని పర్యవసానం చూసి తరువాత అతడే బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. అవధాన సభలోని అప్రస్తుత ప్రసంగికి ఒక హద్దు ఉన్నది. అతడు ఒక్కడు, సభ రెండు మూడు గంటలు, పైగా అవధాని గెలవాలనే అతని కోరిక కూడా. జేబులోనివాడికి లక్షమంది సహాయకులు, ఇరవైనాలుగు గంటల సభ, మనం ఓడిపోతేనే జీతం.

వ్యసనం ముదిరినవారికి వైద్యం ఉన్నది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ 2014లోనూ, ఢిల్లీ ఎయిమ్స్ 2016లోనూ ఇందుకు ప్రత్యేక చికిత్సాలయాలు తెరిచాయి. మిగిలినవారికి కావలసింది సభామర్యాద. బేర్ సరాయ్ పిల్లలలో కొందరు దీనిని తమంతట తామే కనిపెట్టుకున్నారు: పాఠాలను కాగితం మీద అచ్చు వేయించుకోవడం, పిలుపులకు మాత్రం పనికివచ్చే మీటల ఫోను వెంట ఉంచుకోవడం, రెండవ ఫోనును గదిలో వదలి తాళం వేసి రావడం. అవధాని కూడా ఎనిమిది పద్యాలు ఒకేసారి చెప్పడు. ఒకరికి ఒక పాదం పూర్తి చేసి, దానిని మనసులో భద్రపరచి, అప్పుడు రెండవవారి వైపు తిరుగుతాడు.

ప్రభుత్వాలు కూడా మేల్కొన్నాయి. 2023 ఆగస్టులో ఢిల్లీ విద్యాశాఖ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల్లో ఫోనును కట్టడి చేశాయి. పూర్తి నిషేధం ఆచరణ సాధ్యం కాదనీ, బడిలో ఫోనును అప్పగించి ఇంటికి వెళ్ళేటప్పుడు తీసుకొనే ఏర్పాటు మేలనీ 2025లో ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడింది. ఇంట్లో ఆ ఏర్పాటు ఎవరు చేయాలి? తండ్రి చేతిలో ఫోను వెలుగుతుండగా కొడుకుతో పుస్తకం తెరవమంటే వాడు వింటాడా?

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్గావ్ అనే పల్లె ఈ ప్రశ్నకు 2022లో తన సమాధానం తాను చెప్పుకున్నది. సాయంత్రం ఏడు గంటలకు గుడి మీద సైరను మోగుతుంది. పిల్లలవీ పెద్దలవీ ఫోన్లూ టెలివిజన్లూ కట్టేస్తారు. మొదట్లో ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పవలసి వచ్చిందట. పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. ఎనిమిదిన్నరకు సైరను మళ్ళీ మోగుతుంది. అప్పుడు ఎవరి ఫోను వారు తీసుకుంటారు.