ఇంటిలో వినుటకు ఎట్టి యాంప్లిఫయరు మేలు?

రేడియోనుండి గాని, గ్రామఫోను రికార్డునుండి గాని, నేటి సెల్‌ఫోనునుండి గాని వెలువడు విద్యుత్సంకేతము మిక్కిలి బలహీనమైనది. పెద్ద లౌడ్‌స్పీకరును కదలించుటకు అది చాలదు. ఆ సంకేతపు ఆకారమును మార్చక, పరిమాణమును మాత్రము పెంచు సాధనమే యాంప్లిఫయరు. ఆకారము చెడకుండుటయే ముఖ్యము. కాని దుకాణములలో ఎక్కువగా వినవచ్చునది వాట్ల లెక్క.

ఈ లెక్కను మొదట పరిశీలింపవలెను. శక్తిని 10 వాట్లనుండి 20 వాట్లకు పెంచినచో ధ్వని 3 డెసిబెల్‌లు మాత్రమే హెచ్చును. చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచుటకు సుమారు 10 డెసిబెల్‌లు, అనగా 10 రెట్ల శక్తి కావలెను. 40 వాట్లకు, 50 వాట్లకు గల భేదము ఒక్క డెసిబెలే. దానికై అధిక ధనము వెచ్చించుట వ్యర్థము. గదిలో మెల్లగా వినునప్పుడు స్పీకరునకు అందు సగటు శక్తి తరచు 1 వాటుకు మించదు. అయినను మృదంగముపై గట్టి దెబ్బ పడిన క్షణమున అంతకు 10 రెట్లు గాని, ఇంకను ఎక్కువగాని కావలసివచ్చును. ఆ శక్తి లేనిచో తరంగ శిఖరములు కత్తిరించినట్లు చదునై ధ్వని కర్కశమగును.

కొన్ని పెట్టెలపై "1000 వాట్లు పి.ఎం.పి.ఓ." అని యుండును. ఈ సంఖ్యకు అందరంగీకరించిన కొలత పద్ధతి లేదు. పాఠశాలలో నేర్చు శక్తి నిత్యత్వ నియమమే ఇచట మంచి పరీక్ష. ఇంటి విద్యుత్తునుండి 40 వాట్లు మాత్రమే గ్రహించు పరికరము నిలకడగా 40 వాట్లకు మించి ఈయజాలదు. కొంత వేడిగా పోవును గనుక అంతకును తక్కువే ఇచ్చును. ఎన్ని ఓముల స్పీకరునకు, ఎంత వికృతితో, ఎన్ని వాట్లు నిలకడగా ఇచ్చునో తెలుపు సంఖ్యయే నమ్మదగినది.

వికృతి యనగా, 440 హెర్ట్‌జుల స్వరమును పంపినప్పుడు 880, 1320 హెర్ట్‌జుల స్వరములు కూడ కొత్తగా పుట్టుట వంటిది. 1927లో అమెరికా ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ దీనికి ఉపాయము కనుగొనెను. బయటికి వచ్చు సంకేతములో కొంత భాగమును వెనుకకు తెచ్చి, లోనికి పోవు సంకేతమునుండి తీసివేయుటయే ఆ ఉపాయము. 1947లో ఇంగ్లండులో విలియమ్‌సన్ ప్రకటించిన 15 వాట్ల వాల్వు యాంప్లిఫయరులో దీని మూలమున వికృతి 0.1 శాతమునకు లోబడియుండెను. నేటి పరికరములలో అనేకము ఈ స్థాయిని సులభముగ అందుకొనుచున్నవి. కావున శక్తి చాలినంత యున్నచో, మంచి యాంప్లిఫయరుల మధ్య భేదము కంటె స్పీకరు, గది కలిగించు భేదమే ఎక్కువ.

రెండు పరికరములను విని పోల్చునప్పుడు, కొంచెము బిగ్గరగా మ్రోగునదే మేలైనదని చెవి భ్రమపడును. కావున 100 హెర్ట్‌జుల స్వరమును పంపి, స్పీకరు తీగెల మధ్య వోల్టుమీటరుతో కొలిచి రెంటిని సమానము చేయవలెను. పిమ్మట ఒకరు చాటుగా నాణెమెగురవేసి, దాని ప్రకారము ఏదో ఒకదానిని మ్రోగింపవలెను. వినువారు అది ఏదియో చెప్పవలెను. ఇట్లు 10 సారులు చేయవలెను. 5, 6 సారులు సరిపోవుట కేవల యాదృచ్ఛికము. వట్టి ఊహతో 9 గాని 10 గాని సరిపోవుట సుమారు నూటికి ఒక్కమారే సంభవించును. ఇట్టి పరీక్షలో తేడా తెలియనిచో, ఎక్కువ వెల పెట్టక మిగిలిన సొమ్ముతో మంచి స్పీకరును కొనుట వివేకము.