కుందేలును పస్తు పెట్టకండి

క్యాతగానచెర్లులో శెనక్కాయలకు కరువు లేదు. మా ఇంటి కుందేలుకు పిల్లలు అవే అలవాటు చేశారు. తర్వాత కొత్తిమీర వేస్తే వాసన చూసి వదిలేసింది. ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అనుకున్నాం. పొరపాటు! కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతుండాలి. పూటంతా ఏమీ తినకపోతే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే పశువైద్యునికి చూపించాలి.

అందుకే గరిక, ఎండుగడ్డి, నీళ్లు ఎప్పుడూ దాని ముందే ఉంచాం. శెనక్కాయలు రోజూ కొన్ని తగ్గిస్తూ మాన్పించాం. ఒక్క రకం ఆకునే కడిగి, చిటికెడు తుంచి గరికలో కలిపాం. పెంటిక గట్టిగా ఉంటేనే వారం తర్వాత ఇంకో రకం. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు అలాగే అలవాటయ్యాయి. క్యారెట్ తీపి కనుక చిన్న ముక్క చాలు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప పెట్టకూడదు.

కుందేళ్లు పెంచే పిల్లలుంటే, ఏ రోజు ఏ ఆకు పెట్టారో, తిన్నదో లేదో ఉపాధ్యాయులు తెలుగులో రాయించవచ్చు. పక్కనే కన్నడ పేరూ రాయించండి: కొత్తిమీర అంటే కొత్తంబరి సొప్పు. రెండు భాషల్లో మాటలు వస్తాయి. కుందేలు మేత తగ్గిన రోజున ఆ పుస్తకమే ముందుగా చెబుతుంది.