మెమరీ పెంచిన తరువాత కంప్యూటరు ఆగిపోవుచున్నదా?

మన డిజైను గదులలో కంప్యూటరు ప్రవేశించి చాలకాలమైనది. షోలాపూరులో దుప్పట్లు, తువాళ్ళు నేయించు మనవారును, సేలము, బెంగుళూరు ప్రాంతములలో చీరెల అంచులు, కొంగులు గీయించు మనవారును గ్రాఫు కాగితమును విడిచి తెరమీదనే గళ్ళు నింపుచున్నారు. డిజైను పెద్దదైన కొలది యంత్రము మందగించును. అప్పుడు ఎవరో ఒకరు "ర్యాము పెంచండి, సరిపోతుంది" అందురు. సలహా తప్పు కాదు. కాని కొత్త ముక్క పెట్టిన మరునాటినుండి నీలితెర వచ్చుట, యంత్రము తనంతట తాను ఆగి మరల మొదలగుట, గీయుచున్న డిజైను మధ్యలో మాయమగుట పలుచోట్ల జరుగుచున్నది. అట్టి సమయములో ఏమి చేయవలెనో, ముఖ్యముగా ఏమి చేయరాదో ఇచ్చట వ్రాయుచున్నాము.

చేయరానిది మొదట. యంత్రము రెండుసార్లు ఆగగానే చాలమంది కంగారుపడి డిజైనులన్నిటిని పెన్‌డ్రైవులోనికి కాపీ చేయ మొదలిడుదురు. ఉద్దేశము మంచిదే. అయితే మెమరీయే చెడినదైనచో, కాపీయగు ప్రతి ఫైలును ఆ చెడిన మెమరీగుండానే పోవలెను. పాత మంచి ప్రతిమీద చెడిన ప్రతి పడినచో అసలు, నకలు రెండును పోవును. కావున ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, కొత్త ముక్కను ఊడదీయవలెను. పాత మెమరీతో యంత్రము నిలకడగా నడుచుచున్నదని తేలిన తరువాతనే కాపీ తీయవలెను. అదియును పాత ప్రతిపై కాక వేరొక ఫోల్డరులోనికి. విండోసును తుడిచి మరల ఎక్కించుట కూడ ఇట్టిదే. చెడిన మెమరీతో ఎక్కించిన విండోసు తానును చెడియే ఎక్కును. రిపేరుకు వచ్చినవారు ముందుగా "ఫార్మాటు చేయాలి" అన్నచో, మెమరీ పరీక్షించితిరా అని అడుగుటకు సంకోచింపనక్కరలేదు.

జాకార్డు తెలిసినవారికి మెమరీ సంగతి సులభముగా బోధపడును. 1804లో జాకార్డు అను ఫ్రెంచివాడు అమర్చిన మగ్గములో అట్టలో రంధ్రమున్నచో హుక్కు లేచును, లేనిచో లేవదు. మెమరీలోని ప్రతి గడికిని ఆ రెండు స్థితులే. ఐ.బి.ఎం. ఇంజనీరు రాబర్టు డెన్నార్డు 1968లో పేటెంటు పొందిన పద్ధతి ప్రకారము ఒక్కొక్క గడిలో ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు ఉండును. కెపాసిటరులో నింపిన విద్యుత్తు కారిపోవుచుండును గనుక సాధారణముగా 64 మిల్లీసెకండ్లకు ఒకమారు మరల నింపవలెను. 8 గిగాబైట్ల ముక్కలో ఇట్టి గళ్ళు 6,871 కోట్లకు పైగా ఉన్నవి.

అట్టలో ఒక రంధ్రము తప్పిపోయినచో లేవవలసిన పోగు లేవదు. ఆ రిపీటు వచ్చినప్పుడెల్ల అదే తప్పు వస్త్రములో పడును. చెడిన గడి కూడ అంతే. ఆ గడిలో విండోసు ఆజ్ఞ ఉన్నచో నీలితెర వచ్చును. డిజైను ఫైలు తలభాగము ఉన్నచో ఫైలు తెరచుకొనదు. కాని సాదా బి.ఎం.పి. ఫైలులోని ఒక చుక్క అచ్చట ఉన్నచో యంత్రము ఆగనే ఆగదు. ఆ చుక్క రంగు మారి ఊరకుండును. నీలితెర అయినచో కంటికి కనిపించును, ఇది కనిపింపదు. ఆ డిజైను మగ్గమెక్కినచో ఎన్ని గజములు నేసిన తరువాత బయటపడునో, ఆ నూలు, ఆ కూలి ఎవరి నెత్తిన పడునో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇది అరుదైన సంగతి అనుకొనరాదు. గూగుల్ వారి సర్వరులను పరిశీలించి 2009లో ప్రకటించిన ఒక అధ్యయనములో, సంవత్సరకాలములో నూటికి ఎనిమిదికి పైగా మెమరీ ముక్కలు తప్పులు చూపినట్లు తేలినది. ఆ సర్వరులలో తప్పును పట్టి దిద్దుకొను ఇ.సి.సి. మెమరీ ఉండెను. మన బల్లలమీది సాధారణ యంత్రములలో అది ఉండదు.

ఇక దోషమును వెదకుట. మగ్గముమీద తప్పు పడినప్పుడు పన్నె, అచ్చు, పడుగు అన్నిటిని ఒక్కమారు మార్చి చూడము గదా. ఇచ్చటను ఒక్కొక్కటిగానే మార్చవలెను. పాత ముక్క ఒక్కదానితో యంత్రము బాగుగా నడిచినచో, దానిని తీసి కొత్తదానిని అదే స్లాటులో ఒంటరిగా పెట్టి నడపవలెను. ఆగినచో లోపము ఆ ముక్కదే. ఆగనిచో ఆ ముక్కనే రెండవ స్లాటులో పెట్టవలెను. అచ్చట ఆగినచో లోపము స్లాటుది. పాతది కదా అని పాత ముక్కను నమ్ముటయు తగదు. కొత్తది పెట్టునప్పుడు పాతది కొంచెము కదలి ఉండవచ్చును; లేదా దానిలో ఇంతవరకు అంతగా వాడబడని భాగము ఇప్పుడు వాడుకలోనికి వచ్చి ఉండవచ్చును.

ప్రతి మార్పు తరువాతను మెమ్‌టెస్ట్86+ అను ఉచిత కార్యక్రమమును పెన్‌డ్రైవునుండి నడిపి, రాత్రి పెట్టి తెల్లవారువరకు వదలవలెను. విండోసులోనే ఉన్న మెమరీ డయాగ్నోస్టిక్ త్వరగా ముగియును గాని, అది "తప్పులేదు" అన్నంతమాత్రమున తృప్తిపడరాదు. పరీక్షలో తప్పుల సంఖ్య సున్న కావలెను. ఒక్క తప్పు వచ్చినను "ఒక్కటే గదా" అని సరిపెట్టుకొనరాదు.

రెండు ముక్కలును ఒంటరిగా బాగుండి, కలిపినప్పుడే ఆగుట ఒకటి ఉన్నది. ఇది చాలమందిని తికమక పెట్టును. ఒకే రంగు నంబరైనను రెండు వాయిలలో అద్దిన నూలును ఒకే పడుగులో వేసినచో వస్త్రములో చార తేలునని మనకు తెలియును. రెండు ముక్కలపైనను 8 గిగాబైట్లు, 3200 అని ఉన్నను లోపలి చిప్పులు, వాని కాలమానములు వేరుగా ఉండవచ్చును. బయాసులో ఎక్స్.ఎం.పి. అను వేగపు ఏర్పాటు ఉన్నచో దానిని ఆపి, సాధారణ వేగమున నడిపి చూడవలెను. అప్పుడు నిలకడ వచ్చినచో ఆ తక్కువ వేగమునకే స్థిరపడుట మేలు. డిజైను పనిలో ఆ తేడా అంతగా తెలియదు. అప్పటికిని కుదరనిచో ఒకే డబ్బాలో జతగా అమ్ము ముక్కలు కొనవలెను.

తరములు కలియవు. డి.డి.ఆర్. 3, 4, 5లకు గాటు వేరువేరు చోట్ల ఉండును; వోల్టేజియు వేరు, 4కు 1.2, 5కు 1.1. ముక్క కూర్చొననిచో బలవంతముగా నొక్కరాదు. డి.డి.ఆర్. 5 పెట్టిన మొదటిసారి తెర కొన్ని నిమిషములు నల్లగా ఉండవచ్చును; యంత్రము మెమరీని సరిచూచుకొనుచున్నదని ఓపిక పట్టవలెను.

మన షెడ్లకు ప్రత్యేకమైన బెడద దూది ధూళి. పెట్టె తెరచిన ప్రతిసారియు స్లాటులోని ధూళిని మెత్తని కుంచెతో తీసి, ముందుగా పెట్టె ఇనుపభాగమును చేతితో తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, ముక్కను అంచులు పట్టియే పెట్టవలెను. కొక్కెము టక్కుమని పడువరకు నొక్కవలెను. చాల సందర్భములలో రోగము ఇంతటితోనే కుదురును.

అన్ని కార్యక్రమములు బాగుండి, ఒక్క డిజైను కార్యక్రమమే ఆగుచున్నచో మెమరీని అనుమానించుటకు ముందు ఆ కార్యక్రమమును చూడుడు. పాత 32 బిట్ల కార్యక్రమము ఎంత ర్యాము పెట్టినను 4 గిగాబైట్లకు మించి వాడుకొనలేదు.

లోపము కొత్త ముక్కదేనని తేలినచో దానిమీది చీటీని చింపక, బిల్లుతో దుకాణమునకు తిరిగి ఈయవలెను. ఆ ముక్క యంత్రములో ఉన్న దినములలో భద్రపరచిన ప్రతి డిజైనును వేరుగా గుర్తించి, పాత ప్రతితో పోల్చి, మగ్గమెక్కించు ముందు ఒక రిపీటు నమూనా నేసి చూచుకొనవలెను.