నలభైయవ పెండ్లిరోజు విందు ఎక్కడ?

ఇల్లందులో మా సంఘానికి చెందిన దంపతులకు ఈ మధ్య పెండ్లయి నలభై సంవత్సరాలు నిండాయి. ఆయన సింగరేణి బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యారు. పిల్లలు ముగ్గురూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అమ్మానాన్నలను ఖరీదైన జపాను హోటలుకు తీసుకువెళ్లి, బంధువులతో కలిపి పన్నెండు మందికి సుషీ విందు ఇవ్వాలని పెద్దకుమారుడు నిశ్చయించాడు. ఆ కబురు విన్న తల్లి ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చింది.

"అయ్యగారూ, పచ్చి చేపనంట. నా నోటికి ఎట్లా పోతుంది? వద్దంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. ఏం చెప్పమంటారు?"

"వద్దనే చెప్పండమ్మా" అనబోయి ఆగాను. తెలియని దాని మీద తీర్పు చెప్పకూడదు గదా! ముందు ఆ సంగతేమిటో తెలుసుకొన్నాను. మీ ఇండ్లలోనూ ఇటువంటి ప్రశ్న రావచ్చును గనుక వ్రాస్తున్నాను.

సుషీ అంటే పచ్చి చేప కాదు. వెనిగరు, పంచదార, ఉప్పు కలిపిన అన్నమే సుషీకి ఆధారం. దాని మీద చేప ఉండవచ్చు, గుడ్డు ఉండవచ్చు, దోసకాయ ఉండవచ్చు. పూర్వం చేపను ఉప్పు, అన్నం మధ్య నెలల తరబడి ఊరబెట్టి, చేపను తిని అన్నం పారవేసేవారట. నేడు మనం చూసే చేతిముద్ద సుషీ 1820ల ప్రాంతంలో ఎదో పట్టణంలో, అంటే నేటి టోక్యోలో, వ్యాపించింది. అప్పట్లో అది వీధి బండి మీద అమ్మే తిండి. అదే నేడు పెద్దల విందు అయింది. 2014లో అమెరికా అధ్యక్షుడు ఒబామాను జపాను ప్రధాని అబే తీసుకువెళ్లిన ప్రసిద్ధ సుషీ హోటలులో కౌంటరు ముందు ఉండేవి పది కుర్చీలే.

పచ్చి చేప విషయంలో జాగ్రత్త అవసరమే. చేపలో పురుగులు చావడానికి మైనస్ 20 డిగ్రీల చలిలో ఏడు రోజులు ఉంచాలని అమెరికా ఆహార శాఖ సూచిస్తుంది. మన చెరువు చేపను, గోదావరి చేపను పచ్చిగా తినరాదు. గర్భిణీలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి చేపకు దూరంగా ఉండడం మేలు. అన్నంలో పంచదార ఉంటుంది గనుక షుగరు ఉన్నవారు, సోయా రసంలో ఉప్పు ఎక్కువ గనుక బి.పి. ఉన్నవారు మితంగా తినాలి. కొన్ని రసాలలో బియ్యపు మద్యం కలుపుతారు. వద్దనుకునేవారు ముందే అడగాలి. ఉడికించిన రొయ్య, కాల్చిన పాముచేప, గుడ్డు అట్టు, దోసకాయ చుట్ట ఇవన్నీ కూడా సుషీలోనివే.

ఇవన్నీ చెప్పి, "అమ్మా, ఇంతకూ ఆ రోజున మీ కోరిక ఏమిటి?" అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"సెకండు షిఫ్టయితే ఆయన వచ్చేసరికి నడిరాత్రి. ఫస్టు షిఫ్టయితే చీకటితోనే క్యారేజీ కట్టేదాన్ని. ఆదివారం అందరికీ వడ్డించి చివరికి తినేదాన్ని. ఇద్దరం పక్కపక్కన కూర్చుని తిన్నది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ ఒక్క పూట నేను లేవకుండా తింటే చాలు అయ్యగారూ."

పెద్దకుమారునికి ఫోను చేశాను. తల్లి మాట విని అతడు మౌనం వహించాడు. తమ్ముని సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఖర్చులో తన వాటా భరించలేక, అన్నతో చెప్పలేక, ఆ చిన్నవాడు అప్పుకు తిరుగుతున్నాడు. అతణ్ణి కూడా ఎవరూ అడగలేదు!

పన్నెండు మంది విందు మానుకొన్నారు. హోటలు మాత్రం మానలేదు. అటువంటి చోట కౌంటరు ముందు కూర్చుంటే వంటవాడే ఎదుట నిలిచి ఒక్కొక్క ముక్క చేసి పెడతాడు. ఎవరూ లేచి వడ్డించనక్కరలేదు. ఇద్దరికే కుర్చీలు చెప్పారు. పన్నులతో సహా ధర ఎంతో ముందుగా అడిగారు. తండ్రికి షుగరు ఉందనీ, ఇద్దరికీ ఉడికినవే పెట్టాలనీ తెలియజేశారు. మరునాడు పిల్లలే కోడికూర వండి బంధువులకు పెట్టారు.

తల్లిదండ్రులను గౌరవించాలనుకునే పిల్లలారా, హోటలు పేరు వెదకక ముందు వారి మనసు అడగండి. ఖర్చు పంచుకునేవారి స్థితి కూడా అడగండి. ఆ తరువాత ఏ హోటలయినా మంచిదే.

తిరిగి వచ్చాక ఆ తల్లిని, "ఎట్లా ఉందమ్మా విందు?" అని అడిగాను.

"కారం లేదు అయ్యగారూ" అని నవ్వింది. "కాని నా ముక్క వచ్చేదాకా ఆయన తన ముక్క ముట్టలేదు."